పాప ముందర పట్టుదారం

‘ఆ రోజుల్లో’ అని నేను మొదలుపెడితే మా ఆవిడ నవ్వుతుంది, “నిన్న మొన్నటి ముచ్చటకు ఆ రోజులేంది?” అని. నిజమే, ఏడెనిమిదేళ్లు దాటలేదు. కానీ అప్పుడు నాకు ఇరవై రెండేళ్లు, ఉన్నది ఒకే ఒక ఇస్త్రీ చొక్కా, లోకమంతా తెలుసన్న భ్రమ మాత్రం బోలెడు. నా మటుకు అవి పాత రోజులే. ధర్మవరం మగ్గాల వీధిలో పుట్టినవాణ్ణి, హిందూపురం వైపు కొత్తగా వెలసిన ఒక కార్ల విడిభాగాల ఫ్యాక్టరీలో గుమాస్తాగా చేరాను. వానలు మొహం చాటేసి వేరుశనగ కూడా సరిగ్గా పండని ఆ నేల మీదికి ఎక్కడి కొరియా నుంచో మనుషులు వచ్చి దిగారు. క్యాంటీన్‌లో ఒకే బల్ల మీద తెలుగు, కన్నడం, ఉర్దూ, తమిళం, కొరియా భాష వినిపించేవి. ఎవరు ఎవరితో ఏమంటున్నారో నాకు సగం రోజులు అర్థమయ్యేది కాదు. అర్థమైనట్టు తలాడించడమే నా ఉద్యోగం.

మా మేనేజర్ కొరియా ఆయన. వాచ్‌మన్‌కు కూడా నడుం వంచి దండం పెట్టేవాడు కాబట్టి అందరికీ ‘వంగుడు సార్’. (ఆయన వంగితే మనం వంగాలి, మనం వంగితే ఆయన మళ్లీ వంగుతాడు. ఎక్కడ ఆపాలో తెలియక మొదటి వారం నాకు నడుం పట్టేసింది.) ఒకరోజు నన్ను పిలిచి, ఫోన్‌లో తన భాషలో ఏదో మాట్లాడాడు. ఆ ఫోన్ దాన్ని అనువదించి రేడియో వార్తల గొంతుతో “నా కూతురికి ఏడాది నిండుతోంది. క్యాంటీన్‌లో పండుగ. అందరూ రావాలి” అని తెలుగులో చదివింది. పాప ముందు బియ్యం, పుస్తకం, కలం, బంతి, దారం పేర్చాలట. పాప ఏది పట్టుకుంటే దాని బతుకు అట్లా ఉంటుందట. “నీది ధర్మవరం. మంచి పట్టుదారం నువ్వే తేవాలి” అని ముగించింది ఫోన్. నన్ను పర్మనెంట్ చేసే కాగితం సరిగ్గా ఆ వారమే ఆయన బల్ల మీద సంతకం కోసం ఎదురుచూస్తోంది. దారమేం ఖర్మ, మగ్గమే పీకి తెచ్చేవాణ్ణి.

క్యాంటీన్‌లో వండే సంగటి అక్కకు ఈ సంగతి చెప్పాను. ఆమెది చిలమత్తూరు. ఇంట్లో కన్నడం, అంగట్లో తెలుగు, కోపమొస్తే ఉర్దూ, ఆదివారం చర్చి. “ఏమప్పా, ఇది మన అన్నప్రాసన మాదిరే ఉండాదే! ఆరో నెల్లో చేసేది ఏడాదికి చేస్తాండారు. పాపం, దేశం గాని దేశంలో ముహూర్తం కుదరలేదేమో” అని బోలెడు జాలిపడింది.

ఇంటికి పోయి అమ్మను ఒక కండె అడిగాను. కండె అంటే, నేతలో వాడే చిన్న పుల్లకు చుట్టిన దారం. అమ్మ మొహం మాడిపోయింది. “ఆడబిడ్డ ముందర దారం పెడతారా? దానికేం గతి పట్టిందప్పా! నువ్వేం చేసినావో మరిచినావా?” అంది. ఎట్లా మరుస్తాను, వెయ్యిసార్లు చెప్పింది. నా అన్నప్రాసననాడు పలక, ఉంగరం, పాయసం గిన్నె అన్నీ పేర్చి పెడితే, వాటిని దాటుకొని పాకిపోయి మూలనున్న కండెను పట్టుకున్నానట. మగ్గం గుంతలో కూర్చొని నేస్తున్న నాయన పకపకా నవ్వాడట. వీడి బతుకు కూడా ఈ గుంతలోనే తెల్లారిపోతుందని అమ్మ మూడు దినాలు ఏడ్చిందట. నన్ను ఆఫీసు కుర్చీలో కూర్చోబెట్టాలన్న పట్టుదల ఆమెకు ఆనాడే పుట్టింది. ఎర్ర పట్టు కండె ఒకటి చేతికిస్తూ, “ఆ బిడ్డ దీన్ని పట్టుకుంటే వాళ్లమ్మ కడుపు తరుక్కుపోదా? తెచ్చినోన్ని తిట్టరా?” అంది. బస్సులో ఉన్నంతసేపూ నాకు అదే దిగులు.

పండుగ రోజు పాపకు రంగురంగుల పట్టు బట్టలు తొడిగారు. కొరియా నుంచి వచ్చిన వంగుడు సార్ వాళ్లమ్మ, అంటే పాప అవ్వ, వస్తువులన్నీ తానే సర్ది పాపను తేవడానికి లోపలికి పోయింది. ఎర్రటి కండె అన్నిటికంటే ముందు మెరిసిపోతోంది. పాప పట్టుకునేది దాన్నే, అనుమానం లేదు. పాప బతుకు మగ్గం పాలు, నా పర్మనెంట్ కాగితం చెత్తబుట్ట పాలు! ఎవరూ చూడకుండా కండెను తీసి ప్యాంటు జేబులో కుక్కేశాను.

అవ్వ పాపను ఎత్తుకొని వచ్చింది, బల్ల చూసింది, పాపను కిందికి దించి కెవ్వుమంది. వంగుడు సార్ పరుగెత్తుకొచ్చాడు. “దారం ఎక్కడ? దారం ఎక్కడ?” అని ఫోన్ వార్తల గొంతుతో అరుస్తోంది. ఫ్యాక్టరీ ఫ్యాక్టరీ అంతా బల్లల కింద దూరింది, నేను కూడా దూరాను (నాకంటే శ్రద్ధగా ఎవరూ వెతకలేదు). అప్పుడే సంగటి అక్క, “ఏమప్పా, నీ జేబులోంచి ఎర్రగా తోక వేలాడతాండాది!” అంది. నేను లేచి నిలబడేలోపే పాప గబగబా పాకొచ్చి ఆ తోకను పట్టుకొని లాగింది. లాగేకొద్దీ దారం వస్తూనే ఉంది. అవ్వ బోరుమని ఏడ్చి నా రెండు చేతులూ పట్టుకుంది. అయిపోయింది నా పని అనుకొని, “తప్పయిపోయిందవ్వా” అని నేనూ ఏడ్చాను. చుట్టూ ఉన్న కొరియావాళ్లు మాత్రం చప్పట్లు కొడుతున్నారు! వంగుడు సార్ వంగాడు. ఏమీ తోచక నేనూ వంగాను. అప్పుడు ఫోన్ నోరు విప్పింది. “మాకు దారం అంటే దీర్ఘాయుష్షు. పాప దారం పట్టుకుంది, మా అమ్మకు చాలా సంతోషం. కానీ దారాన్ని జేబులో పెట్టుకోవడం మీ ఆచారమా?”

నేను అలవాటుగా తలాడించాను. సంగటి అక్కే ముందుకొచ్చి, “అవు సార్, మా తావ అంతే” అంది గట్టిగా.

సోమవారం సంతకం అయింది. ఆ తర్వాత ఏ కొరియా బిడ్డకు ఏడాది నిండినా నాకు పిలుపు వచ్చేది, జేబులో దారంతో రమ్మని. ఇప్పటికి నలుగురు పిల్లలు నా జేబు లాగారు.

పర్మనెంట్ కాగితం అమ్మ చేతిలో పెట్టి జరిగిందంతా చెప్పాను. కాగితం వైపు చూడనే లేదు. “దారం పట్టుకుంటే నూరేండ్లు బతుకుతారంటనా?” అని రెండుసార్లు అడిగింది. “అయితే ఆ మూడు దినాలు నేను ఊరికే ఏడ్చినానా!” అని కొంగుతో కళ్లు తుడుచుకుంది.

పోయిన ఏడు మా పాపకు అన్నప్రాసన చేశాం. పలక, ఉంగరం, పాయసం గిన్నె అన్నీ పేర్చాం. అమ్మ ఇంట్లోంచి ఎర్ర కండె తెచ్చి నా జేబులో దోపి, కొస బయటికి లాగింది. ఎందుకమ్మా అని నేను తికమకగా చూస్తే, “నువ్వు కదలాకుండా నిలబడు” అంది. పాప పలక వైపు పాకబోయింది. అమ్మ పాపను ఎత్తి, నా వైపు తిప్పి కూర్చోబెట్టింది.