చీరకి తువ్వాలు, కొట్టుకి తాళం

కంప్యూటర్లో ఒకేసారి నడిచే పనుల్ని థ్రెడ్లంటారు. థ్రెడ్లంటే దారాలే కదా, బట్టల కొట్టులో పెరిగినవాడికి దారాలొక లెక్కా అనుకున్నాను. విజయనగరంలో మా చీరల కొట్టుకి ఆ ధీమాతోనే ప్రోగ్రాము రాశాను. కౌంటరులో నాన్న, ఫోన్ ఆర్డర్ల దగ్గర చిన్నాన్న, ఇద్దరూ వాడేది అదే. తేడా వస్తే కంప్యూటరు అటకెక్కుతుందని నాన్న ముందే చెప్పాడు. పరీక్షకి ఆషాఢం చాలన్నాడు. బేరమాడి శ్రావణం దాకా లాగాను.

మా కొట్టులో ఏ చీర విప్పినా "ఒక్కటే పీసమ్మా" అనాలి. దాని అక్కచెల్లెళ్ళు లోపల గోడౌన్లో పడుకునే ఉంటాయి. ఆ అబద్ధమే నన్ను ఇంజనీరింగు చదివించింది. అందుకే ఒకే చీర ఇద్దరికి అమ్ముడైతే ఏమవుతుందో నాకు తోచనే లేదు. లోపల్నుంచి ఇంకోటి తెస్తాం కదా!

ఓ రోజు ఆకుపచ్చ పట్టుచీర నిజంగానే ఒక్కటి మిగిలింది. నెల్లిమర్ల టీచరమ్మకి నాన్న, సాలూరు పెళ్ళివారికి చిన్నాన్న ఒకేసారి బిల్లు కొట్టారు. ప్రోగ్రాము ఇద్దరికీ "ఉంది" అంది, ఇద్దరికీ అమ్మేసింది. ఆ చీర కోసం చిన్నాన్న కౌంటరుకి రాగానే సంగతి బయటపడింది.

"ఏటి షావుకారూ, ఒక్కటే పీసన్నారు, ఇద్దరికెలా అమ్మీసినారు?" అంది టీచరమ్మ.

నాన్న నిజం చెప్పి దొరికిపోయాడు. చీర టీచరమ్మ సంచీలోకి, సాలూరు తిట్లు చిన్నాన్న చెవిలోకి వెళ్ళాయి.

"సీటు ఖాళీగా ఉందని చూసి మనం బస్సెక్కేలోపు, ఎవడో కిటికీలోంచి తువ్వాలేసేస్తాడు చూడు, అలా అయింది నాన్నా" అన్నాను.

"మరి నీకు తువ్వాలు లేదేట్రా?"

ఉంది. లాక్ అంటారు. ఒకరు పట్టుకున్నంతసేపూ రెండోవాళ్ళు ఆగాలి. భయం కొద్దీ ప్రోగ్రాము మొత్తానికీ ఒకటే వేశాను. మర్నాడు నాన్న బేరం మొదలెట్టగానే చిన్నాన్న స్క్రీను బిగుసుకుపోయింది.

"ఒరే, నాను జాకెట్టు ముక్క అమ్మాలంటే అన్నియ్య బేరం తెగాలేట్రా?"

"సీరకి తువ్వాలెయ్యమంటే కొట్టుకి తాళవేసినాడ్రా ఈడు!" అన్నాడు నాన్న.

ఈసారి ఏ చీర తువ్వాలు దానికే ఇచ్చాను. బేరమంతా తువ్వాలు వెయ్యకముందే. ధర కుదిరాక వెయ్యడం, ఉందో లేదో చూడ్డం, బిల్లు కొట్టడం, తీసెయ్యడం, అంతా ఒక్క గుక్కలో.

శ్రావణ శుక్రవారం మళ్ళీ ఓ ఆఖరి చీర మీద ఇద్దరూ పడ్డారు. నాన్నకి బిల్లొచ్చింది, చిన్నాన్నకి "లేదు" అని వచ్చింది. కంప్యూటరు అటకెక్కలేదు. స్క్రీను మాత్రం నాన్న గోడవైపు తిప్పేశాడు. అందులో స్టాకు పన్నెండు అని కనిపిస్తోంటే, ఆయన ఇంకో చీర విప్పి "ఒక్కటే పీసమ్మా" అంటున్నాడు మరి.