గుతేగా ఒడ్డున లస్కరు

నాకు రాయడం అరవై మూడో ఏట వచ్చింది. అంతకుముందు రాకపోవడానికి కారణం బద్ధకం కాదు. మా అమ్మానాన్నలు కాలువల మీద మట్టిపని కూలీలు. సాగర్ కుడి కాలువ తవ్వకం ఎక్కడిదాకా వస్తే మా గుడిసె అక్కడిదాకా వచ్చేది. ఆ ఊళ్లో బడి ఎక్కడుందో తెలిసేలోపు పని ముందుకు జరిగిపోయేది. పెళ్లయ్యాక కూడా కాలువ నన్ను వదల్లేదు. మా ఆయన అద్దంకి దగ్గర ఆ కాలువలోంచే చీలిన ఒక మేజరు కాలువ మీద లస్కరు. లస్కరంటే, గట్టు వెంట తిరుగుతూ, తూము షట్టర్లు ఎత్తుతూ దించుతూ, ఏ పొలానికి ఎప్పుడు నీళ్లు పారాలో చూసే మనిషి. ఆయన పోయాక ఆ ఉద్యోగం నాకిచ్చారు. నీటిమట్టం చూపే గేజి పలక మీద గీతలు లెక్కపెట్టడం నాకు వచ్చు. గేజి పుస్తకంలో రాయడం రాదు. రోజూ సాయంత్రం నేను నోటితో చెబితే వర్క్ ఇన్‌స్పెక్టరు రాసుకుని సంతకం పెట్టుకునేవాడు. ఇరవై రెండేళ్లు నేను చూసిన నీళ్లన్నీ ఇంకొకరి చేతిరాతలో ఉండిపోయాయి.

రిటైరయ్యాక కాన్‌బెర్రాలో, హారిసన్‌లో ఉండే మా అమ్మాయి సుజాత దగ్గరికి వచ్చేశాను. తను శనివారాలు పిల్లలకు తెలుగు చెబుతుంది. వెనక బల్ల మీద కూర్చుని నేనూ దిద్దాను. పక్కన కూర్చున్న ఏడేళ్ల పిల్ల నా పలక చూసి, "అమ్మమ్మా, యువర్ క్ష ఈజ్ బెటర్ దాన్ మైన్" అంది. నా చదువుకు వచ్చిన మొదటి సర్టిఫికెట్ అదే.

ఈ మార్చి మొదటి వారంలో మా తెలుగు పెద్దలం పన్నెండు మందిమి స్నోయీ పర్వతాల్లో గుతేగా జలాశయం చూడ్డానికి వెళ్లొచ్చాం. వెళ్లాలనుకునేవాళ్లకు పనికొస్తుందని ఇది రాస్తున్నాను.

శుక్రవారం పొద్దున ఆరూ నలభైకి హారిసన్‌లో మినీబస్సు ఎక్కాం. డ్రైవరు ప్రదీప్‌ది వరంగల్. చదువుకోవడానికి వచ్చి ఇక్కడే స్థిరపడ్డాడు.

"అందరు బెల్టులు వెట్టుకోన్రి. పులిహోర డబ్బాలు ఒళ్లె వెట్టుకోన్రి. మలుపులల్ల జారితె నన్ను తిట్టొద్దు మల్ల" అన్నాడు.

నా పక్క సీట్లో డాక్టర్ రమాదేవి గారు. ముప్పై ఏళ్లుగా ఈ దేశంలో ఉన్నావిడ, నోరు ఊరుకోదు. మా ముందు సీట్లో సుబ్రహ్మణ్యం గారు. మన నీటిపారుదల శాఖలోనే సూపరింటెండింగ్ ఇంజనీరుగా, అంటే ఎస్‌ఈగా, చేసి రిటైరయ్యారు. ఎస్‌ఈకీ లస్కరుకీ ఎంత దూరమో ఆ శాఖలో చేసినవాళ్లకే తెలుస్తుంది. ఎస్‌ఈ జీపు గట్టు మీద వస్తుంటే మేం గట్టు దిగి నిలబడేవాళ్లం. నా సర్వీసు మొత్తంలో ఏ ఎస్‌ఈ ముందూ ఒక్క మాట మాట్లాడి ఎరగను. అందుకే ఆయన బస్సెక్కగానే నాకు తెలియకుండానే లేచి నిలబడ్డాను.

"కూర్చో కోటమ్మా, కూర్చో. ఇక్కడ అందరం పెన్షనర్లమే" అన్నారాయన.

"అలా అంటే ఆవిడ కూర్చోదు సార్. కూర్చోండి అని చూడండి" అన్నారు రమాదేవి గారు.

ఆయన నవ్వి, "కూర్చోండమ్మా" అన్నారు. కూర్చున్నాను.

ఎనిమిదీ ఇరవైకి కూమా. అరగంట ఆగి కాఫీలు తాగాం. ఆ ఊరు దాటాక కొండలన్నీ ఎండిన గడ్డితో పసుపుగా, చెట్టన్నది లేకుండా ఉన్నాయి. తొమ్మిదీ ముప్పావుకి జిందబైన్ చేరాం. సరస్సు పక్క ఊరు. రాత్రి బస అక్కడే ముందుగా మాట్లాడుకున్నాం కాబట్టి బరువైన సంచులు గదుల్లో పడేశాం. గుతేగా నేషనల్ పార్కు లోపల ఉంది. బండికి పాసు కావాలి. ఊళ్లోని సందర్శకుల కేంద్రంలో ఇస్తారు. కౌంటర్ దగ్గరున్నావిడ మా వయసులు చూసి, పైన ఎండగా ఉన్నా చలి కోటు మరవొద్దని రెండుసార్లు చెప్పింది.

పదిన్నరకు కొండెక్కడం మొదలుపెట్టాం. పైకి పోయేకొద్దీ చెట్లు పొట్టివవుతూ వచ్చాయి. స్నో గమ్ అంటారట వాటిని. మంచు బరువు మోసి మోసి వంకర్లు తిరిగాయి. బెరడు మీద బూడిద రంగు, ఎరుపు, ఆకుపచ్చ చారలు. పదకొండూ ఇరవైకి గుతేగాలో దిగాం. చలికాలం మంచు మీద జారడానికి వచ్చేవాళ్ల ఊరు అది. మేం వెళ్లినప్పుడు మనుషులే లేరు, ఒక్క కొట్టు కూడా తెరిచి లేదు. తిండి, నీళ్లు కిందనుంచే తెచ్చుకోండి.

నడకదారి మొదట్లో బూట్ల మట్టి దులుపుకోవడానికి బ్రష్షులు పెట్టారు. బయటి కలుపు విత్తనం ఒక్కటి కూడా లోపలికి పోకూడదట.

"గుడికి కూడా ఇంత శుభ్రంగా వెళ్లను నేను" అన్నారు రమాదేవి గారు.

నేను మాత్రం ఆ పని ఇష్టంగా చేశాను. కాలువ గట్టు మీద తుమ్మ మొక్క ఒక్కటి లేవనిస్తే మరుసటేడు ఎన్ని లేస్తాయో నాకు తెలుసు. పక్కనే ఏవో బోర్డులున్నాయి. వాటి ముందు నిలబడి అందరం ఫోటో దిగి ముందుకు కదిలాం.

మలుపు తిరగగానే జలాశయం కనపడింది. చుట్టూ కొండలు. వాటి మీద దుక్కి లేదు, కంచె లేదు, ఇల్లు లేదు, మేకల మంద లేదు. ఒకప్పుడు ఎండాకాలం పశువులను ఇక్కడికి తోలుకొచ్చేవారట, నీళ్లు పాడవుతున్నాయని మాన్పించారట. మధ్యలో నల్లగా, నిశ్శబ్దంగా నీళ్లు. దూరంగా ఆనకట్ట తెల్లగా, చిన్నగా ఉంది.

ఎస్‌ఈ గారు అందరినీ ఆపి చెప్పారు. స్నోయీ నది దక్షిణానికి పారి సముద్రంలో కలిసేది. కొండల్లో ఇలాంటి జలాశయాలు కట్టి, కొండల కడుపులోంచి సొరంగాలు తొలిచి, ఆ నీటిలో చాలా భాగాన్ని పడమరకు తిప్పారు. దారిలో కరెంటు తీసి కింద మైదానాల్లోని కాలువలకు వదులుతారు. అక్కడ వరి కూడా పండుతుంది.

"ఇంత చలికొండ నీళ్లు వరి మడికి పోతాయా అండీ?" అని అడిగాను. ఆయన్ను నేను అడిగిన మొదటి ప్రశ్న అది.

"పోతాయమ్మా. మీ అమ్మాయి షాపులో ఇక్కడి బియ్యం కొంటే, అందులో ఈ నీళ్లూ ఉండొచ్చు."

"మరి ఇక్కడ లస్కరు ఎక్కడుంటాడు?"

"లస్కరు లేడు. అంతా ఎక్కడో దూరం నుంచి కంప్యూటర్ మీద నడుస్తుంది."

"ఒడ్డు మీద మనిషే ఉండడా?"

"ఎందుకుండాలి?" అన్నారాయన నవ్వుతూ. నేను గేజి పలక కోసం ఒడ్డంతా కళ్లతో వెతికాను.

పన్నెండూ పావుకి భోజనానికి చోటు చూశాం. నీళ్లు తగ్గి బయటపడ్డ చదును రాతినేల ఒకటి నీళ్ల అంచునే ఉంది. గట్టుకూ దానికీ మధ్య ఎండిన పాయ ఒకటి అడ్డం, దాన్ని రాళ్ల మీద అడుగులేసి దాటాం. ఎనభై దాటిన శకుంతలమ్మ గారిని ప్రదీప్ చెయ్యి పట్టుకుని దాటించాడు. ఆవిడ రెండు మోకాళ్లూ ఆపరేషన్ అయినవే. చాపలు పరిచి పులిహోర, పెరుగన్నం, చక్రాలు విప్పుకున్నాం.

నేను కూర్చునే ముందు ఒక పుల్ల తీసుకుని నీళ్ల అంచున గుచ్చాను. అది నా అలవాటు. ఏ నీళ్ల పక్కన కూర్చున్నా ముందు పుల్ల గుచ్చుతాను, తర్వాతే సద్ది విప్పుతాను. తినడం సగమయ్యాక చూస్తే పుల్ల నీళ్లలో ఉంది. అంచు జానెడు ఇవతలికి వచ్చింది. తలెత్తి వెనక గట్టు రాళ్లు చూశాను. నీళ్లు నిండినప్పటి మరక మా తలల కన్నా ఎత్తున ఉంది.

పులిహోర చేతిలోనే ఉంది. వెళ్లి ఎస్‌ఈ గారి పక్కన నిలబడి మెల్లగా చెప్పాను. "అయ్యా, నీళ్లు ఎక్కుతున్నాయండి."

ఆయన కసురుకోలేదు. ఓపిగ్గానే చెప్పారు. "పగలు పవర్‌హౌస్ నడుస్తుంది కోటమ్మా. నీళ్లు దిగాలి గానీ ఎక్కవు. గాలికి అల కొట్టి ఉంటుంది. మీరు తినండి."

వచ్చి కూర్చున్నాను. ఇరవై రెండేళ్లు వాళ్లు చెప్పింది విన్నదాన్ని. ఆయన చెప్పిన దాంట్లో తప్పు కూడా కనపడలేదు. అయినా మళ్లీ లేచి, ఒక పెద్ద రాయి చాటున, అల తగలని చోట రెండో పుల్ల గుచ్చాను. ఈసారి పక్కనే గొంతుక్కూర్చుని చూశాను. పది నిమిషాల్లో పుల్ల మొదలు మునిగింది. వెనక్కి తిరిగి పాయ వైపు చూశాను. వచ్చేటప్పుడు మేం అడుగులేసిన రాళ్లలో ఒకటి కనపడటం లేదు. శకుంతలమ్మ గారు చాప మీద కాళ్లు చాపుకుని పెరుగన్నం కలుపుకుంటున్నారు.

ఇక ఎవరినీ అడగలేదు. మా కాలువ మీద అవతలి గట్టున నీళ్లు దొంగిలించడానికి షట్టరు కింద రాళ్లు పెట్టేవాళ్లను అదిలించే గొంతు ఒకటుంది నాకు. అది బయటికి తీశాను.

"లేవండి! అందరూ లేవండి! డబ్బాలు వదిలేయండి, ముందు మనుషులు దాటండి! సార్, మీరు కూడా లేవండి!"

ఎస్‌ఈ గారు తల తిప్పి చూశారు. నేను పుల్లను చూపించాను, తర్వాత పాయను చూపించాను. ఆయన ముఖం మారింది. నిలబడి ఒక్కసారి అటు చూసి, "ఆవిడ చెప్పినట్టు చేయండి" అన్నారు గట్టిగా.

పాయలో అప్పటికే పిక్కల్లోతు నీళ్లు. చలి ఎముకల్లోకి కొరికింది. ఎస్‌ఈ గారు ప్యాంటు మడుచుకుని మధ్యలో నిలబడి ఒక్కొక్కరికీ చెయ్యి అందించారు. శకుంతలమ్మ గారిని ప్రదీప్ వీపు మీదెక్కించుకున్నాడు.

"గట్టిగ వట్టుకో పెద్దమ్మ. గొంతు వట్టుకోకు గని, భుజాలు వట్టుకో!"

"నా పెరుగన్నంరా నాయనా" అంటోందావిడ.

నేను చివర దాటాను. తలలు లెక్కపెట్టాను. ప్రదీప్‌తో కలిపి పదముగ్గురం. కాసేపటికి మా చాప ఒకటి లేచి తేలింది. ఆ కొండల్లో ప్లాస్టిక్ ముక్క వదలకూడదు కదా, అది ఒడ్డుకు కొట్టుకొచ్చేదాకా కాచుకుని ప్రదీప్ కర్రతో లాగాడు. డబ్బాలూ అలాగే ఏరాం. ఒకటిన్నరకు చూస్తే మేం కూర్చున్న చోటు లేదు. పాయ నడుములోతు ఉంటుంది.

ఎస్‌ఈ గారు తడి ప్యాంటుతో నా పక్కకు వచ్చి నిలబడ్డారు. "పైన కొండల్లో వాన పడి ఉండాలి. లేదంటే మిషన్లు ఆపి ఉండాలి" అన్నారు. ప్యాంటు అంచులు పిండుకుంటూ, "సర్వీసులో ఉండగా ఇలా అరిచి ఉంటే మీకు మెమో ఇచ్చేవాణ్ణి" అన్నారు.

"అప్పుడిచ్చినా చదవలేకపోయేదాన్నండి. ఇప్పుడివ్వండి, జవాబు రాస్తాను" అన్నాను. ఆయన పడీపడీ నవ్వారు.

తిరిగి వస్తూ దారి మొదట్లో బోర్డుల దగ్గర ఆగి, ఈసారి ఎస్‌ఈ గారు చదివారు. నీటిమట్టం హెచ్చరిక లేకుండా పెరగవచ్చు, అని తెలుగులో చెప్పారు.

"దీని ముందేగా పళ్లికిలించి ఫోటో దిగాం!" అన్నారు రమాదేవి గారు.

బస్సెక్కేముందు నేను కాసేపు ఒక్కదాన్నే పైనుంచి చూశాను. ఎండ పడి నీళ్లు మెరుస్తున్నాయి. వాటిని ఇంత శుభ్రంగా కాపాడుకుంటున్న వాళ్ల మీద గౌరవం కలిగింది. ఎక్కడో కింద ఒక మడిలో నిలిచే నీళ్లు ఇక్కడ కదలడం నా కళ్లతో పట్టుకున్నాననుకుంటే నా ఉద్యోగం మీద కూడా గౌరవం కలిగింది. అది నాకు కొత్త.

సాయంత్రం జిందబైన్ బసలో ఉప్మా చేసుకుని తింటుండగా ఎస్‌ఈ గారు, "ఆ చదును చూస్తే ఎవరికైనా కూర్చోబుద్ధేస్తుంది. పార్కు వాళ్లకు చెప్పాలి. పొద్దున నేనొక నోట్ రాసిస్తాను" అన్నారు.

రమాదేవి గారు ప్లేటు కింద పెట్టారు. "చూసింది ఆవిడ. నోట్ మీదా?"

ఆయన నా వైపు తిరిగి, "రాస్తారా?" అని అడిగారు.

"రాస్తాను" అన్నాను.

తిరుగు ప్రయాణం గురించి పెద్దగా చెప్పడానికి లేదు. శనివారం తొమ్మిదిన్నరకు బయల్దేరి మధ్యాహ్న భోజనం వేళకు హారిసన్ చేరాం. సగం మంది నిద్రపోయారు, శకుంతలమ్మ గారు ప్రదీప్‌కు పెళ్లి సంబంధాలు చెప్పారు. మోకాళ్లు బాగున్నవాళ్లంతా గుతేగా వెళ్లి చూడండి. ఒడ్డు మీద కూర్చోకండి, పైన కూర్చోండి. బయల్దేరే ముందు ఆ పొద్దున చేసిన పని ఒక్కటి చెప్పి ఆపుతాను.

సందర్శకుల కేంద్రం తలుపు తీయగానే లోపలికి వెళ్లి కాగితం అడిగాను. కిటికీ దగ్గర బల్ల మీద కూర్చుని తెలుగులో రాశాను. ఎక్కడ కూర్చున్నాం, పుల్ల ఎన్ని గంటలకు గుచ్చాను, ఎన్ని గంటలకు మునిగింది, పాయ ఎప్పుడు నిండింది. ఎనిమిది వాక్యాలు. చివర కోటేశ్వరమ్మ అని పేరు రాసి పెన్ను పెట్టేయబోయాను.

"పేరు కింద హోదా రాయాలండీ" అన్నారు ఎస్‌ఈ గారు.

లస్కరు, సాగర్ కుడి కాలువ, అని రాశాను.

ఆయన కాగితం తీసుకుని మిగిలిన సగంలో అదంతా ఇంగ్లీషులో దింపారు. ఒకచోట ఆగి, "రెండో పుల్ల పన్నెండూ యాభైకే కదా?" అని అడిగి మరీ రాశారు. అడుగున, తర్జుమా చేసినవారు, అని తన పేరు రాసి వదిలేశారు.

"మీ హోదా రాయలేదండీ" అన్నాను.

"నోట్ మీది. నాది తర్జుమా" అన్నారు.

కాగితం నేనే పట్టుకెళ్లి కౌంటర్ మీద పెట్టాను.