సంచుల కాపలా

మస్కట్‌లో ఉన్న మొదటి రెండేళ్లు నాకు రెండు ఉద్యోగాలు. వారమంతా ఆసుపత్రి ల్యాబులో రక్తపరీక్షలు చేయడం ఒకటి. శుక్రవారం పొద్దున సముద్రం ఒడ్డున కూర్చుని ముగ్గురు స్నేహితుల సంచులకు కాపలా కాయడం రెండోది. మొదటిదానికి జీతమిచ్చారు. రెండోది ఎవరి కోసం చేశానో నాకు మొన్నటిదాకా తెలియదు. తెలిసినప్పటి నుంచి ఒళ్లు మండుతూనే ఉంది, దాచుకోవడం దేనికి?

ఆ ముగ్గురూ నాతోపాటు అదే ఆసుపత్రిలో పనిచేసేవాళ్లు. ఒకామె ఫిలిప్పీన్స్ నర్సు, నోటికి తాళం లేని మనిషి. ఇంకొకామె కెన్యా నుంచి వచ్చిన ఫిజియోథెరపిస్టు. ఆరడుగుల ఎత్తు, నవ్విందంటే వార్డంతా వినపడేది. మూడో ఆయన సూడాన్ దేశపు ఫార్మసిస్టు, మా అందరికంటే పెద్దవాడు, నెమ్మదస్తుడు. శుక్రవారం సెలవు కాబట్టి చేపల పడవాయన్నొకణ్ని మాట్లాడుకుని, కొండల సందుల్లోకి సముద్రం చొచ్చుకొచ్చిన చోట్లకు వెళ్లి, ఈతకొట్టి, తిని, మధ్యాహ్నానికి తిరిగొచ్చేవాళ్లు. నర్సు నూడుల్స్ తెచ్చేది, కెన్యా ఆమె చపాతీలు, పెద్దాయన చిక్కుడుగింజల కూర, నేను పులిహోర. నా పులిహోర పడవెక్కి పోయేది. నేను మాత్రం ఒడ్డున మిగిలేదాన్ని.

ఎందుకంటే నాకు నీళ్ల గండం. మన ఇళ్లల్లో ఈ మాట విడమరచి చెప్పక్కర్లేదు. పుట్టినప్పుడు జాతకం రాసిన పంతులు ఈ పిల్లకు నీళ్లతో ప్రాణానికి ముప్పుందని ఒక్క మాటంటే చాలు, బతికినన్నాళ్లూ అది వెంట ఉంటుంది. మాది పోచంపల్లి దిక్కు నేతపని ఇల్లు. నాన్న మగ్గం వదిలి దిల్‌సుఖ్‌నగర్‌లో చీరల దుకాణం పెట్టేనాటికి నాకు ఆరేళ్లు, తమ్ముడికి నాలుగు. సంపు మూత దగ్గరికి కూడా నన్ను రానిచ్చేవారు కాదు. బడివాళ్లు హుస్సేన్‌సాగర్‌లో పడవెక్కిస్తే నేను గట్టు మీద టీచరమ్మ పక్కన కూర్చున్నాను. కృష్ణా పుష్కరాల్లో ఇంటిల్లిపాదీ మూడు మునకలు వేస్తే నన్ను మెట్ల మీదే నిలబెట్టి చెంబుతో నెత్తిన పోశారు. మా తమ్ముడేమో ఎండాకాలం సెలవులకు ఊరికి పోయి బావిలో దూకి దూకి చేపపిల్లలా తయారయ్యాడు. నేను బావికి ఇరవై గజాల దూరాన వాడి బట్టలు పట్టుకుని నిలబడేదాన్ని.

ఇదంతా ఆ ముగ్గురికీ ఇంగ్లీషులో చెప్పబోయి చతికిలబడ్డాను. గండానికి ఇంగ్లీషు లేదు. "నేను నీళ్లలో చచ్చిపోతానని ఒక కాగితంలో రాసి ఉంది" అన్నాను. నర్సు కళ్లు పెద్దవి చేసి, ఏ డాక్టరు రాశాడని అడిగింది. తేదీ కూడా వేశారా అని కెన్యా ఆమె అడిగింది. పెద్దాయన ఒక్కడే నవ్వలేదు.

"ఆ కాగితం నువ్వు చదివావా?" అన్నాడు.

చదవలేదు. రక్తం గొట్టం మీద పేరు, నంబరు రెండుసార్లు సరిచూడనిదే ఒక్క రిపోర్టు కూడా ల్యాబు దాటనివ్వని మనిషిని నేను. నా సొంత రిపోర్టు మీద పేరు చూసుకోవాలని మాత్రం ఎన్నడూ తోచలేదు. పైగా ఆ పెద్దాయన మీదే కోపం వచ్చింది. మా ఆచారాలు ఈయనకేం తెలుసని ముఖం తిప్పుకున్నాను.

మూడో ఏడు పడవెక్కాను. ధైర్యం వచ్చి కాదు, ఉక్రోషం వచ్చి. ఒక శుక్రవారం నేను ఎండకు కునికిపాట్లు పడుతుంటే ఎక్కడిదో మేక వచ్చి సంచిలో దూరి నర్సు చెప్పు నమిలేసింది. మేకను ఆపలేనిదానివి కాపలా ఎందుకని నర్సు అందరి ముందూ వెక్కిరించింది. మరుసటి వారం లైఫ్ జాకెట్ తొడుక్కుని పడవ నడిమధ్య కూర్చున్నాను. రెండు చేతులా చెక్క పట్టుకున్నాను, కళ్లు మూసుకున్నాను, నోట్లో ఆంజనేయ దండకం. కాసేపటికి పెద్దాయన కూర సంచిలోనే వాంతి చేసుకున్నాను. ఆయన సంచి సముద్రంలో జాడించి, ఆ రోజుకు చపాతీ ఉత్తదే తిన్నాడు.

కొండ మలుపు తిరగ్గానే డాల్ఫిన్లు వచ్చాయట. నేను చూడలేదు. అప్పుడే కెన్యా ఆమె నా చెయ్యి చెక్క మీంచి ఊడబెరికి నీళ్లలో ముంచింది. నీళ్లు వెచ్చగా ఉన్నాయి. సముద్రం చల్లగా ఉంటుందనుకున్నాను అన్నాళ్లూ. నాకు ఏడుపొచ్చింది.

ఆ తర్వాత నాలుగేళ్లలో శుక్రవారం పడవ మానింది తక్కువ. కెన్యా ఆమె నా వీపు కింద చెయ్యి పెట్టి నీళ్ల మీద పడుకోబెట్టేది. ఒకరోజు చెప్పకుండా ఆ చెయ్యి తీసేసింది. నేను తేలాను. అంత సంతోషం నాకు ఉద్యోగం వచ్చినప్పుడు లేదు, పెళ్లయినప్పుడు అసలే లేదు. సాయంత్రం అమ్మ దగ్గర్నుంచి ఫోన్ వచ్చేది.

"నీళ్ల దిక్కు పోతలేవు గదా బిడ్డా?"

"పోతలేనమ్మా."

తల ఇంకా తడిగానే ఉండేది. తల్లితో అబద్ధమాడుతున్నానని నాకు అన్నం సహించేది కాదు. వాళ్లు నాతో ఆడినదాని ముందు నాదొక అబద్ధమా?

ఇప్పుడు నేను ఎల్‌బీ నగర్‌లో ఒక డయాగ్నస్టిక్ సెంటర్‌లో పనిచేస్తూ అక్కడే కిరాయికి ఉంటున్నాను. అమ్మ దిల్‌సుఖ్‌నగర్‌లో తమ్ముడి దగ్గర ఉంటుంది, మెట్రోలో మూడో స్టేషన్. మొన్న ఆదివారం మేనకోడలు ఫోన్ చేసింది. ఇంటర్ చదువుతోంది. కాలేజీ వాళ్లు నాగార్జునసాగర్ తీసుకెళ్లి లాంచీలో కొండ దాకా తిప్పుతారట.

"అత్తా, జర నువ్వొచ్చి చెప్పవా? డాడీ సంతకం పెడ్తలేడు. నాకు నీళ్ల గండమంట."

ఆ మాట చెవిన పడగానే చెప్పులేసుకుని బయల్దేరాను.

నేను వెళ్లేసరికి తమ్ముడు సోఫాలో కాలు చాపుకుని ఉన్నాడు. నేను మస్కట్‌లో ఉన్నప్పుడు చంపాపేట్‌లో బండి మీంచి పడితే మోకాలి కింద రాడ్డు వేశారు, ఆ కాలు సరిగ్గా మడవలేడు.

"దానిది మేనత్త పోలికక్కా," అన్నాడు. "ముక్కు నీదే, నక్షత్రం నీదే. గండం గూడ నీదే ఒచ్చుంటది. ఎందుకు పరేషాన్?"

మేనత్త పోలిక ముక్కుకు వస్తుందని తెలుసు గానీ గండానికి కూడా వస్తుందని అప్పుడే విన్నాను. పోయిన ఏడు గోవాలో పడవ మీద చొక్కా విప్పి ఎగిరి, ఆ వీడియో ఫ్యామిలీ గ్రూపులో పెట్టిన పెద్దమనిషి ఈ మాట అంటున్నాడు. ఎన్నడో మస్కట్‌లో ఫార్మసిస్టు పెద్దాయన అడిగిన ప్రశ్న అప్పుడు గుర్తొచ్చింది.

"నా జాతకం తియ్యుర్రి," అన్నాను. "నేనెన్నడు సూడలే."

"గిప్పుడెందుకే గవన్ని," అంది అమ్మ. ఆ గొంతు విన్నాకే నాకు అనుమానం వచ్చింది.

మేనకోడలు బీరువాలోంచి నోటుబుక్కు తెచ్చింది. అంచులకు పసుపు పూసి ఉంది. మొదటి పేజీ నాది, రెండోది తమ్ముడిది. నా పేజీ వేలు పెట్టి రెండుసార్లు చదివాను, ల్యాబులో చదివినట్టే. నీళ్ల మాటే లేదు. పేజీ తిప్పాను. తమ్ముడి పేరు కింద జలగండమని రాసి, ఎర్ర సిరాతో గీత గీసి ఉంది.

"అమ్మా, గండం వానిది. నన్నెందుకు ఆపిన్రు?"

అమ్మ కొంగు సర్దుకుంది. "వాడు ఇనే రకమా? బాయి కనపడితే దుంకేటోడు. నీకు చెప్తే ఇన్నవు."

"నేనింటే వాని గండం ఎట్ల పోతది?"

"మీ నాయిన కోసం నేను శనివారాలు ఒక్కపొద్దు పట్టలేదా? వాని కోసం నీతోని గిది పట్టిపిచ్చిన. ఇంట్ల ఎవరో ఒకరు పట్టాలె గద బిడ్డా."

ఒకరి కోసం ఒకరు ఒక్కపొద్దులుండటం మా ఇళ్లల్లో కొత్త కాదు. కానీ ఉండేవాళ్లకు ఎవరి కోసమో తెలుస్తుంది. ఇష్టమైతే ఉంటారు, లేకపోతే ఎవరూ చూడకుండా రెండు ముద్దలు తింటారు. నాకు మాత్రం చచ్చిపోతావని భయం పెట్టి పట్టించారు. చిన్నప్పుడు రాత్రిళ్లు కలలో ఎన్నిసార్లు మునిగిపోయానో వీళ్లకు తెలుసా?

తమ్ముడివైపు తిరిగాను. "నీకెరుకేనా?"

"నా పెండ్లప్పుడు జాతకాలు తీస్తే సూసిన," అన్నాడు, ఫోన్‌లోకి చూస్తూ. "గవన్ని మూఢనమ్మకాలక్కా. నేను నమ్మ."

"నమ్మవు గదా? అయితే పిల్ల ఫారం మీద సంతకం పెట్టు. నమ్ముతవా, ఇయ్యాల్టి సంది నీ గండం నువ్వే పట్టు. గోవ బంద్. రిసార్టుల ఈత బంద్. పుష్కరాలకు మెట్ల మీద నిలబడు, నేను చెంబుతోని పోస్త. ఏదో ఒకటి చెప్పు."

మేనకోడలు పక్కకు తిరిగి నవ్వింది. వాడు కాసేపు గింజుకుని, పెన్ను అడిగి, సంతకం గీకాడు.

అక్కడితో నేను లేచి వచ్చేస్తే బాగుండేది. కానీ నోరు ఊరుకోదు కదా. అమ్మ పక్కన కూర్చుని మస్కట్ పడవల సంగతి మొత్తం చెప్పాను. మేక సంగతి, వాంతి సంగతి, వీపు కింద చెయ్యి తీసేసిన రోజు సంగతి. తిడుతుందనుకున్నాను. ఒకవేళ, భయం కాలేదా బిడ్డా అని అడుగుతుందేమోనని కూడా ఆశపడ్డాను. అమ్మ వేళ్లు మడిచి లెక్కపెట్టుకుంటోంది.

"ఏ ఏడు ఎక్కినవ్?"

"మస్కట్ పోయిన మూడో ఏడు."

"నువ్వెక్కినంక ఒచ్చిన ఏడే గద," అంది, తమ్ముడి మోకాలివైపు చూస్తూ, "వాని కాలు ఇరిగింది."

మూఢనమ్మకాలు నమ్మనన్నవాడు మోకాలి మీద చెయ్యేసుకుని నావైపు చూశాడు. నేను విరగ్గొట్టినట్టే చూశాడు.

ఫారం మడిచి నా బ్యాగులో పెట్టుకున్నాను. మేనకోడలిని బట్టలు సర్దుకోమన్నాను, టూరు దాకా నా దగ్గరే ఉంటావని చెప్పాను. ఎవరూ వద్దనలేదు. మెట్లు దిగుతుంటే అది అడిగింది:

"అత్తా, లాంచీ ఎక్కేటప్పుడు ఏమన్న జాగ్రత్తలున్నయా?"

"ఒక్కటే," అన్నాను. "ఎవలన్న సంచి సూస్తుండమంటే సూడకు."