ఇంకో పాయింటు వోల్టేజీ

ఏ యంత్రం మొరాయించినా ఏకాంబరానికి తోచే కారణం ఒకటే. వోల్టేజీ చాలడం లేదు. అందుకు అతణ్ణి తప్పుపట్టి లాభం లేదు. సత్యవేడు దగ్గర పల్లెలో పుట్టి, మీసాలు రాకముందు నుంచీ కాలిపోయిన బోరు మోటార్లకు రాగి తీగ చుట్టిన మనిషి. ఆ పొలాల్లో కరెంటు వచ్చేదే కాసేపు, వచ్చినా ఆముదం దీపం లాగా వచ్చేది. ఆ కొద్ది వోల్టేజీకి మోటారు తిరగలేక మూలుగుతుంది, మూలిగి మూలిగి కాలిపోతుంది. కొంచెం పెంచి ఇస్తే గుర్రుమని లేచి నీళ్లు ఎత్తిపోస్తుంది. చేలో నిలబడి అది వందసార్లు చూసినవాడికి వోల్టేజీ పెంచడమంటే యంత్రానికి అన్నం పెట్టడమే.

తర్వాత తిరుపతికి వచ్చాడు. మోటార్ల పని పడిపోయి ఊరంతా కంప్యూటర్ల పిచ్చి పట్టిన రోజులవి. జాతకాలకు కంప్యూటరు, పెళ్లి కార్డులకు కంప్యూటరు, కంటి అద్దాల అంగట్లో కూడా కంప్యూటరు. ఏకాంబరం మద్రాసు నుంచి సామాన్లు తెచ్చి, బస్టాండు వెనక సందులో కూర్చుని బిగించి ఇచ్చేవాడు. మూత బిగించాక ప్రతి స్క్రూ మీదా మోటార్లకు పూసే ఎర్ర వార్నిష్ ఒక చుక్క పెట్టేవాడు, అదురుకు వదులు కాకుండా. కంప్యూటరు అదరదని ఎవరైనా అంటే వినేవాడు కాదు.

కంప్యూటరులో లెక్కలన్నీ చేసే బిళ్ల ఒకటుంటుంది, ప్రాసెసర్ అని. దాని వేగం ఎంతో, దానికి ఇవ్వాల్సిన వోల్టేజీ ఎంతో తయారుచేసినవాళ్లే నిర్ణయించి పంపుతారు. సామాన్లమ్మే మద్రాసు ఆసామి ఒకడు ఏకాంబరానికి ఒక కిటుకు నేర్పాడు. చవక బిళ్లను తెచ్చి, వేగం పెంచి పరిగెత్తించవచ్చు. పరిగెత్తలేక ఆగిపోతే ఇంకో పాయింటు, అంటే ఇంకొక మెట్టు, వోల్టేజీ ఇవ్వాలి, అంతే. ఏకాంబరం పకపకా నవ్వాడు. "ఇంతేనా! ఇది మన బోరు మోటారే గదప్పా!" అన్నాడు.

మోసం చేశాడని చెప్పలేం. చవక బిళ్లకు చవక ధరే తీసుకున్నాడు, వేగం ఊరికే ఇచ్చాడు. ఇచ్చినట్టు చెప్పలేదు, అంతే. ఏకాంబరం చెయ్యి పడితే కంప్యూటరు గుర్రమైపోతుందని ఊళ్లో పేరొచ్చింది. ఆ పేరు విని మురిసిపోయాడు, మామూలుగా కాదు, తలకెక్కేటంత.

రెండు ఎండాకాలాలు బాగానే గడిచాయి. మొదట చిత్తూరులో టైపింగ్ సెంటరు కంప్యూటరు మధ్యమధ్య బిగుసుకుపోవడం మొదలుపెట్టింది. ఏకాంబరం వెళ్లి ఇంకో పాయింటు ఇచ్చాడు. అది లేచింది. కొన్ని నెలలకు మళ్లీ బిగుసుకుంది, మళ్లీ ఇచ్చాడు. ఆ తర్వాత ఒకరోజు అసలు లేవలేదు. ఆపైన ఆటల సెంటరులో ఒకటి, పెళ్లి కార్డుల అంగట్లో ఒకటి. అన్నీ అదే వరస. ముందు బిగుసుకోవడం, ఇంకో పాయింటు, కొన్నాళ్ల ప్రాణం, చావు.

"కరెంటు సరిగ్గా లేదప్పా ఈ ఊర్లో" అని చెప్పేవాడు. ఆ మాట కాదనేవాడు తిరుపతిలో ఎవడుంటాడు? అందరూ నమ్మారు. ఏకాంబరం మాత్రం నమ్మలేకపోయాడు. చచ్చిన బిళ్లను వెలుతురులో పెట్టి ఎంత తిప్పి చూసినా ఏమీ కనిపించేది కాదు. మోటారు కాలితే వీధి చివరిదాకా వాసన కొడుతుంది, ముందే పొగ చూపిస్తుంది. ఇదట్లా కాదు. ఆ ఎక్కువ వోల్టేజీకి, కంటికి ఆనని సన్నటి తీగదారులు లోపల రోజూ కొంచెం కొంచెంగా అరిగిపోతాయి, పైకి నున్నగా నవ్వుతున్నట్టే ఉంటుంది. తాను పెట్టింది అన్నం కాదని అతనికి అప్పుడు అర్థమైంది. అర్థమయ్యాక కూడా నోరు విప్పలేదు. అంగట్లో ఫోను మోగితే చాలు, ఎత్తకుండా బయటికి పోయేవాడు. ఆ భయం ఎవరితోనూ చెప్పుకోక, తిండి సయించక, బీడీలు మాత్రం రెట్టింపు చేశాడు.

రెండువేల రెండు, రోహిణి కార్తె ఎండలు. అంగడి మెట్లు ఎక్కుతూ గుండె పట్టుకుని కూలబడ్డాడు.

కళ్లు తెరిచేసరికి ఏదో చిన్న నర్సింగ్ హోమ్. ఎదురుగా భార్య దేవకమ్మ, కొంగు నోట్లో కుక్కుకుని. ఛాతీ మీద తీగలు. ఆ తీగలు పోయి పక్క బల్ల మీద ఉన్న కంప్యూటరులో కలిశాయి. తెర మీద పచ్చగీత ఎగిరెగిరి పోతోంది, పక్కన అంకె మారుతోంది. ఏకాంబరం చూపు తెర మీద నుంచి కిందికి, పెట్టె మూత మీదికి దిగింది. మూలన స్క్రూ మీద ఎర్ర చుక్క.

"పాపా, ఈ కంప్యూటరు ఈడికెట్లొచ్చె?" అన్నాడు నర్సు రేవతితో.

"ముందు బిల్లులు రాసేదానికి తెచ్చినారన్నా. పోయినేడు డాక్టరమ్మ మద్రాసు నుంచి ఏదో కార్డు తెచ్చి దీంట్లో పెట్టించింది. అప్పట్నుంచి గుండె సూసేది ఇదే. భలే స్పీడు మిషనన్నా ఇది!"

నిజమే, బిల్లులకని ఇచ్చాడు. బిల్లు ఆగితే మళ్లీ రాసుకుంటారు. అది గుండెల మీదికొచ్చి కూర్చుంటుందని ఎవరు కలగన్నారు? పైగా దానికి ఒకటి కాదు, రెండు పాయింట్లు ఎక్కువ ఇచ్చిన సంగతి కూడా గుర్తొచ్చింది.

రేవతి కూర్చునే బల్ల గాజు తలుపుకు అవతల. అక్కడి నుంచే తెర మీద అంకె చూసుకుంటుంది. గుండె లయ తప్పితే కూతపెట్టే ఏర్పాటు దానికి లేదు. ఈ బిళ్ల బిగుసుకుపోతే తెర ఆరిపోదు. చివరి గీత, చివరి అంకె అట్లాగే నిలిచిపోతాయి. మనిషి పోయినా తెర మీద బతికే ఉంటాడు. ఆ సంగతి ఏకాంబరానికి తట్టాక ఇక మంచం మంచం కాదు. ఒక చెయ్యి ముంజేతి నాడి మీద పెట్టుకుని, చూపు తెరకు కట్టేసుకుని పడుకునేవాడు. మిట్టమధ్యాహ్నం వేడికి గీత ఒక్కోసారి తడబడి, మళ్లీ సాగేది. తడబడినప్పుడల్లా అతని ఊపిరి కూడా ఆగేది.

డాక్టరమ్మ పంకజాక్షి వచ్చి చూసేది. "ఏమప్పా, గుండె ఇంత వేగంగా కొట్టుకుంటాంది? దేనికి భయపడతాండావు?" అని అడిగింది ఒకరోజు.

చెప్పెయ్యాలని నోరు తెరిచాడు. చెబితే ఊరంతా అంగడి మీదికొస్తుంది, పేరు మట్టిగొట్టుకుపోతుంది. "ఏం ల్యాదమ్మా, చావంటే భయం" అన్నాడు. అందులో అబద్ధమేమీ లేదు. అట్లా తన ప్రాణం కన్నా తన పేరే ఎక్కువనుకున్నాడు, పిచ్చి మనిషి.

పక్క మంచానికి లాల్ బాషా వచ్చాడు. పరుపులు కుడతాడు, ముక్కులో ఇంకా దూది నలుసులున్నాయి. ఎడమచెయ్యి లాగుతోందని వచ్చాడు. మాటల పోగు. అతనూ ఏకాంబరమూ ఒకే వార్డులో ఉండి కలిసిపోయారు.

ఏకాంబరానికి నయమైంది. ఇంటికి పొమ్మన్నారు. అతని ఛాతీ మీది తీగలు తీసి, అతని కళ్లముందే లాల్ బాషాకు తగిలించింది రేవతి.

"మా నాయన పోయినప్పుడు పక్కనే ఉండీ కనుక్కోలేకపోతిమి అన్నా" అన్నాడు లాల్ బాషా, తలగడ సర్దుకుంటూ. "ఇంక నాకు భయం లేదు. పెట్టె ఉండాది గదా, అది సూసుకుంటాది. నేను హాయిగా నిద్రపోతా."

ఏకాంబరం చెప్పులేసుకున్నాడు. సంచి పట్టుకున్న దేవకమ్మ వెనక నడిచి గేటు దాకా వచ్చాడు. ఆటో ఎక్కబోయి, ఒక కాలు లోపల పెట్టి, ఆగిపోయాడు. మాడు పగిలే ఎండ. గీత తడబడే వేళ అదే.

"ఏందయ్యా, ఎక్కు" అంది దేవకమ్మ.

అతను ఎక్కలేదు. వెనక్కి తిరిగాడు. పరిగెత్తకూడదని చెప్పి పంపిన గుండెతోనే గబగబా నడిచాడు. గాజు తలుపు దగ్గర రేవతి తెర వైపు ఓసారి చూసి, చీటీలు రాసుకుంటోంది. తెర మీద అందమైన గీత. అంకె డెబ్బై ఎనిమిది. ఏకాంబరం తెర మూలన గడియారం చూశాడు. అది నిలిచిపోయి ఉంది. మంచం మీద లాల్ బాషా తల ఒక పక్కకు వాలిపోయి ఉంది.

"సచ్చిపోతాండాడు!" అని అరిచాడు. "ఆ తెర సూడొద్దు పాపా, మనిషిని సూడు! మనిషిని!"

రేవతి లోపలికి ఉరికింది. లాల్ బాషా పెదాలు నల్లబడ్డాయి, నాడి అందలేదు. డాక్టరమ్మ వచ్చి అతని ఛాతీ మీద రెండు చేతులూ పెట్టి అదమసాగింది. తెర మీద మాత్రం అతని గుండె నిక్షేపంగా కొట్టుకుంటూనే ఉన్నట్టుంది. ఏకాంబరం గోడకు జారగిలబడి, చెవులు మూసుకుని కూర్చున్నాడు. ఎంతసేపో తెలియదు. "వచ్చింది, వచ్చింది" అని రేవతి ఏడుస్తూ అనడం మాత్రం వినపడింది.

"నువ్వు చూడబట్టి బతికినాడప్పా" అంది డాక్టరమ్మ, చెమట తుడుచుకుంటూ. "నీకెట్లా తెలిసె?"

"నేను చేసిన పెట్టెమ్మా అది" అన్నాడు ఏకాంబరం. ఆపైన అంతా చెప్పాడు, వేగం, వోల్టేజీ, చచ్చిన బిళ్లలు, అన్నీ. ఆమె పెట్టె దగ్గరికి నడిచింది. వంగి ప్లగ్గు పీకేసి, రేవతిని మంచం పక్కన కూర్చోమంది. నాలుగు తిట్లు తిట్టి ఉంటే బాగుండేదని అతనికి అనిపించింది.

లాల్ బాషా కోలుకున్నాక ఏకాంబరం అతనింటికి వెళ్లాడు. దూది గుట్టల మధ్య నులక మంచం మీద పడుకుని ఉన్నాడు మనిషి. నువ్వు నా పాలిట దేవుడివన్నా అని చేతులు పట్టుకున్నాడు. ఏకాంబరం ఆ చేతులు విడిపించుకుని, డాక్టరమ్మకు చెప్పినదంతా మళ్లీ చెప్పాడు. తిట్టినా కొట్టినా పడదామనే వచ్చాడు.

లాల్ బాషా మంచం మీద లేచి కూర్చున్నాడు. తర్వాత మెల్లగా అడిగాడు.

"అట్లాంటివి ఇంకా ఎన్ని చేసినావన్నా?"

"శానా చేసినా. లెక్క పెట్టుకోలేదు."

"అవన్నీ ఇప్పుడు యాడుండాయి?"

ఏకాంబరం ఆలోచించాడు. టైపింగుకని ఇచ్చినవి, ఆటలకని ఇచ్చినవి, బిల్లులకని ఇచ్చినవి గుర్తొచ్చాయి. కొన్ని చేతులు మారాయని విన్నాడు. ఒకటేదో ఆస్పత్రికి పోయిందని కూడా ఎవరో అన్నట్టు గుర్తు. ఎవరికిచ్చాడో కొంత తెలుసు. ఇప్పుడు అవి ఎవరి పక్కన కూర్చుని ఏం చూస్తున్నాయో తెలియదు.

"తెలీదు బాషా" అన్నాడు.