చీపురుపుల్లల నీళ్ల ట్యాంకు

చాయ్ వడగట్టిన పొడిని పాత పేపరు మీద ఎండబెడితే ఒక వగరు వాసన వస్తుంది. షాద్‌నగర్‌లోని నా చిన్న దుకాణంలో ఈ ఉదయం ఆ వాసన తగలగానే సుగుణక్క పక్కన నిలబడి ఉన్నట్టే అనిపించింది. వెంచర్లవాళ్లు ప్లాట్లు అమ్మేటప్పుడు చూపించే నమూనా కాలనీలు తయారుచేసే పని నాకు నేర్పింది ఆమే. ఎండిన చాయ్ పొడి మా కాలనీలకు మట్టి. గిన్నెలు తోమే పచ్చ పీచు చెట్లు. షాంపూ ప్యాకెట్టు లోపలి వెండి రేకు చెరువు. కొనుక్కొచ్చిన సామాను చూస్తే ఆమెకు ఒళ్లు మండేది. "వంటింట్ల దొరకంది ఏమున్నదే?" అనేది.

నాది మర్రిగూడ దగ్గరి ఊరు. చిన్నప్పుడు తాగిన బోరు నీళ్లలోని ఫ్లోరైడు ఎముకల్లో చేరి, నా మోచేతులు పూర్తిగా చాచుకోవు. పత్తి ఏరడానికి పనికిరానన్నారు, కుట్టుమిషను దగ్గరా వద్దన్నారు. పని అడగబోయిన ప్రతిచోటా ముందు నా చేతులకేసే చూసేవారు. సుగుణక్క కూడా చూసింది. చూసి, నాలుగు అగ్గిపుల్లలు ముందు పెట్టి, "వీటితోని ఒక కిటికీ చెయ్యి" అంది. చేశాను. "రేపటి సంది రా. మన పనంత జానెడు జాగల్నే. చేతులు చాపే అవసరమే లేదు" అంది. నాకు ఏడుపొచ్చేసింది. ఆమె మాత్రం అప్పటికే కత్తెర ఎక్కడ పెట్టానా అని వెతుక్కుంటోంది.

ఒక శుక్రవారం పొద్దున పెద్ద వెంచర్ ఒకటి ప్రారంభం. నమూనాను టెంపోలో తీసుకెళ్తుంటే స్పీడ్ బ్రేకర్ దగ్గర ఎగిరిపడి, మధ్యలోని నీళ్ల ట్యాంకు కాళ్లు విరిగాయి. ఇంటింటికీ మంచినీళ్లని చెప్పి అమ్ముతున్న వెంచర్ అది, అందరికీ ముందు చూపించేది ఆ ట్యాంకునే. మేం వెంచర్‌కు చేరేసరికి పూజ మొదలవబోతోంది. సుగుణక్క నేరుగా వాచ్‌మన్ గదికి వెళ్లి, అతని భార్యను పుల్లల చీపురు అడిగింది.

"శుక్రారం పొద్దుగాల చీపురిస్తరా ఎవలన్న? లచ్చిమి పోతది." ఆమె తలుపుకు అడ్డంగా నిలబడింది.

"చీపురు నీ ఇంట్లనే ఉండనీ వదినె. మేమే లోపలికొస్తం."

"మరి పుల్లలు పోవా?"

"యాడికి పోతయి? గీ ట్యాంకు గీడనే, నీ ముంగట్నే ఉంటది. లచ్చిమి జర గాలికి బయట కూసున్నదనుకో."

ఆమె నవ్వేసి పక్కకు జరిగింది. నమూనాను గదిలోకి దించాక సుగుణక్క పుల్లలు పీకి నా చేతిలో పెట్టింది. అంతలో వెంచర్ ఓనరు వచ్చాడు. "గీ చేతులతోటా? టైం లేదమ్మా, నువ్వే చెయ్యి" అన్నాడు ఆమెతో. నాకు తల కొట్టేసినట్టయింది. సుగుణక్క వెనక్కి జరిగి చేతులు కట్టుకుంది.

"మీకు ట్యాంకు నిలబడాల్నా, ఆమె చేతులు సాపుగుండాల్నా? జర ఆగుండ్రి సార్."

కోపం వస్తే నా వేళ్లు మరింత కుదురుగా పనిచేస్తాయని ఆ రోజే తెలిసింది. పుల్లలను గట్టిగా ఉండే మొదళ్ల దగ్గర కోశాను. ఒక్కో కాలి కింద త్వరగా అంటుకునే జిగురు చుక్క వేసి, పైన చిటికెడు వంటసోడా చల్లాను. అలా చేస్తే క్షణంలో రాయిలా బిగుసుకుంటుంది, అదీ సుగుణక్క చెప్పిన కిటుకే. పొయ్యిలోని బూడిద రుద్దితే పుల్లలకు సిమెంటు రంగొచ్చింది. ఓనరు వేలితో తట్టి చూశాడు. ట్యాంకు కదల్లేదు.

పూజయ్యాక ఆయన అందరి ముందూ సుగుణక్కను మెచ్చుకోబోయాడు. "నేను కాదు సార్, మా రేణుక కట్టింది" అని ఆమె నన్ను భుజం పట్టి ముందుకు నెట్టింది. ఆ రోజు జనం మొదట ట్యాంకును చూశారు, ఆ తర్వాతే నా చేతులను చూశారు. ఆ వరుస మారడం నాకెంత పెద్ద విషయమో ఆమెకొక్కదానికే తెలుసు.

సుగుణక్క ఇప్పుడు లేదు. దుకాణం నేనే నడుపుతున్నాను. ఎవరైనా పని అడగడానికి వస్తే మనిషిని ఎగాదిగా చూడను, అగ్గిపుల్లలు ముందు పెడతాను. చుట్టుపక్కలవాళ్లు ఎప్పుడు చీపురు అడిగినా ఇస్తాను, శుక్రవారం పొద్దునైనా సరే. నా ఇంటికి లక్ష్మి వచ్చిందే చీపురుపుల్లల మీద.