బీడీ చేటల నడుమ కాంతి శ్వాసక్రియ

మొన్న మా మనవరాలు, శ్వాసక్రియకూ కాంతి శ్వాసక్రియకూ తేడా ఎంతకీ తలకెక్కడం లేదని మొహం ముడుచుకుని కూర్చుంటే నాకు నవ్వాగలేదు. దానికి కోపమొచ్చింది గానీ, ఆ తేడా దగ్గరే నేను ఇంటర్మీడియెట్ ఒకసారి తప్పానని దానికేం తెలుసు!

అప్పట్లో కోరుట్లలో మా వాడకట్టు ఆడవాళ్లంతా మా అరుగు మీద కూర్చునే బీడీలు చేసేవారు. ఈసారీ తప్పితే పుస్తకాలు సజ్జమీద పెట్టి ఇక రోజంతా బీడీల చేటే ముందేసుకోవాల్సిందేనని అమ్మ తేల్చిచెప్పింది, అమ్మ మాటంటే మాటే. చదువుదామంటే నా వంతు బీడీలు చేసేసరికే పొద్దుగూకేది. అయితే మా అరుగు మీద ఒక పద్ధతి ఉండేది, కథ చెప్పేవాళ్ల వంతు బీడీలు మిగతావాళ్లు తలా కొన్ని చేసిపెట్టేవారు. నవ్వులకు పెట్టింది పేరైన మా సిరిసిల్ల చిన్నమ్మ ఆ రోజు నన్నే కథ చెప్పమంది. నాకు కథలెక్కడ వచ్చు, వృక్షశాస్త్రం పాఠమే ఎత్తుకున్నాను.

చెట్టు కూడా మనలాగే రాత్రీపగలూ ఊపిరి తీసుకుంటుందని, దాచుకున్న చక్కెరను ఆ గాలితో కరిగించి బలం తెచ్చుకుంటుందని, అదే శ్వాసక్రియ అని చెబితే అందరూ బుద్ధిగా తలూపారు. రెండోది వెలుతురులోనే జరుగుతుందని, ఎండ మండితే నీళ్లు పోకుండా ఆకు తన సన్నని రంధ్రాలు మూసుకుంటుందని, లోపల బొగ్గుపులుసు వాయువు తగ్గేసరికి దాన్ని పట్టుకోవాల్సిన రుబిస్కో అనే ఎంజైము పొరబడి ఆక్సిజన్‌ను పట్టుకుంటుందని చెప్పేసరికి చేతులన్నీ ఆగిపోయాయి. తర్వాత ఏమైందని అందరూ ఒక్కటే అడగడం. రుబిస్కో అచ్చం మా చిన్నాయనేనని, ఉప్పు తెమ్మంటే సున్నం తెస్తాడని చిన్నమ్మ అరుగంతా నవ్వించింది.

అప్పటిదాకా తలెత్తని అమ్మ కత్తెర కింద పెట్టింది.

"గట్ల చేస్తే చెట్టుకు ఏమొస్తది బిడ్డా?"

పుస్తకం తిరగేశాను. బలం రాదు సరికదా ఉన్నదే ఖర్చవుతుంది, కూడబెట్టిన కర్బనంలో కొంత గాలిలో కలుస్తుంది. ఏమీ రాదన్నాను.

"ఎండిన ఆకు కత్తిరిస్తే పగిలినట్టు. పనైతది, బీడీ కాదు."

రెండూ ఆక్సిజన్ తీసుకుని బొగ్గుపులుసు వాయువునే వదులుతాయి కదా అని ఒక్కటిగా కలిపి రాసి తప్పినదాన్ని, ఆ మాటతో రెండూ విడివడ్డాయి. సంతోషం పట్టలేక అమ్మను వాటేసుకుంటే, తంబాకు పారబోస్తున్నావని కసిరింది.

జగిత్యాలలో పరీక్ష రాశాను. ఆ ప్రశ్నే వచ్చిందంటే అబద్ధమవుతుంది, రాలేదు. కానీ ధైర్యం వచ్చింది, గట్టెక్కాను. అమ్మ నన్ను పొగడలేదు గానీ, అంగట్లో మక్కకంకులమ్మే ఆవిడకు ఎండల్లో రుబిస్కో పొరపాటుతో వరికెంత నష్టమో, మక్కకు ఆ బాధ ఎందుకు లేదో నా పాఠంలోంచే గంభీరంగా వివరిస్తుంటే పక్కన నిలబడి మురిసిపోయాను.

తర్వాత నేను టీచరునయ్యాను. ఇప్పుడు మా వాడలో బీడీలు చేసే చేతులు తక్కువ, నడుములకు విశ్రాంతి దొరికింది, మంచిదే. చిన్నమ్మ లేదు, అమ్మా లేదు. ఎందరో పిల్లలు నా పాఠం బుద్ధిగా విన్నారు, మార్కులూ తెచ్చుకున్నారు. అయినా ఆ ఆడవాళ్లు తమ వంతు చేసుకుంటూ నా వంతు కూడా చేసి విన్నారే, అంత ఖరీదు పెట్టి నా పాఠం విన్నవాళ్లు మళ్లీ నాకు దొరకలేదు.