అమ్మ నింపిన పొట్ట

ఆపరేషన్ చేయించుకుని నేను ఇంటికి వచ్చిన మధ్యాహ్నం అమ్మ నెత్తళ్ల చేపల పులుసు పెట్టింది. పొద్దున్నే పూర్ణా మార్కెట్‌కి వెళ్లి, ఒకప్పుడు తను కూరగాయలమ్మిన వరసలో అందరికీ కొడుకు ఆస్పత్రి నుంచి వస్తున్నాడని చెప్పి, చింతకాయలు ఏరి తెచ్చుకుందట. నేను మంచం మీద ఒరిగి కూర్చునేసరికి అన్నం కలిపిన కంచంతో ఎదురుగా నిలబడింది. నా భార్య వంటగదిలోంచి గబగబా వచ్చి, కొన్ని వారాల దాకా నీళ్లూ, పప్పు మీది తేటా, పలచటి మజ్జిగా తప్ప ఏమీ పెట్టకూడదని, ఆస్పత్రిలోనే చెప్పాం కదా అని నచ్చజెప్పింది. అమ్మ నా వైపు చూసి, "ఒక్క ముద్ద కూడా ఒద్దా?" అంది. నేను తల అడ్డంగా ఊపాను. కంచం తీసుకుని లోపలికి వెళ్లిపోయింది. ఆ అన్నం తనే తిన్నదో, ఎవరికైనా పెట్టిందో నాకు తెలియదు.

మా అయ్య పోర్టులో కలాసీ. ఓడల్లోంచి బస్తాలు దించేవాడు. బలమైన మనిషని అంటారు గాని, నాకు గుర్తున్నది మాత్రం గోడకు చేరగిలబడి దగ్గుతున్న మనిషే. క్షయ. చివరికొచ్చేసరికి ఆయన ఛాతీ మీద ఎముకలన్నీ బయటికి కనబడేవి. అమ్మ జావ కాచి నోటికందిస్తే గుటక వేయడానికే ఎంతో సేపు పట్టేది. నేను బడికి వెళ్లిన ఒక రోజు ఆయన పోయాడు.

తర్వాత అమ్మ మార్కెట్లో కూర్చుంది. ఆనందపురం వైపు పల్లెల నుంచి తెల్లారకుండా వచ్చే కూరగాయలు కొని అమ్మేది. సాయంత్రం మిగిలిపోయిన వంకాయలు, ఆనపకాయ ముక్కలు, వాడిన తోటకూర ఇంటికి తెచ్చి వండేది. ఆ వంటంతా నా కోసమే. నేను చాలంటే ఇంకో గరిటె వేసేది. నా పక్కటెముకలు లెక్కపెడుతున్నట్టు వేళ్లతో తడిమి చూసేది. ఎముక చేతికి తగలకపోతే ఆమె ముఖంలో కనబడే నిమ్మళం మరెప్పుడూ నేను చూడలేదు. బళ్లో అందరూ నన్ను బొండాం అని పిలిచేవాళ్లు. ఆ పేరు అమ్మకి చెబితే నవ్వింది. అది తిట్టని ఆమెకి తోచలేదు.

చదువు అయ్యాక పోర్టులోనే క్రేన్ ఆపరేటరుగా చేరాను. అయ్య వీపు మీద మోసిన సరుకుని నేను పైన గదిలో కూర్చుని మీటలతో ఎత్తుతున్నానని అమ్మ ఎంత గొప్పగా చెప్పుకునేదో! కాని ఏటికేడాది ఒళ్లు పెరిగింది. క్రేన్ మెట్లు సగం ఎక్కేసరికి కళ్లు చీకట్లు కమ్మేవి. షుగర్ వచ్చింది. నిద్రలో ఊపిరి ఆగి ఆగి వచ్చేది. నా భార్య నిద్ర మానుకుని, ఊపిరి ఆగినప్పుడల్లా నా భుజం కుదిపేది. చివరికి పై అధికారులు నన్ను క్రేన్ మీద నుంచి దించేసి యార్డు గదిలో కూర్చోబెట్టారు. ఇలాగే ఉంటే ఎక్కువ కాలం ఉండవని మధురవాడ వైపు ఉన్న ఒక ఆస్పత్రిలో డాక్టరు చెప్పాడు. ఆపరేషన్‌కి ఒప్పుకున్నాను. పొట్ట చిన్నది చేస్తారని అమ్మకి చెప్పాం. వదులైన రవికకి పక్కన కుట్టు వేసినట్టు ఏదో చేస్తారని ఆమె అనుకుంది.

ఆ తర్వాతి రోజుల గురించి నాకు ఎవరూ సరిగ్గా చెప్పలేదు, చెప్పినా అర్థమయ్యేది కాదేమో. ఒక గ్లాసు మజ్జిగ తాగడానికి గంట పట్టేది. ఒక గుక్క ఎక్కువైతే రొమ్ము మధ్యలో ఎవరో మోకాలితో అదిమినట్టు నొప్పి. తర్వాత మెత్తగా నలిపిన పప్పు, గుడ్డు, ఉడికించిన చేపముక్క. ఏదైనా పిల్లలకు పెట్టే చిన్న గిన్నెలో సగం. తింటూ నీళ్లు తాగకూడదు. తిన్నాక కూడా చాలాసేపు తాగకూడదు. అన్నిటికంటే విచిత్రం, ఆకలి లేదు. పూర్తిగా పోయింది. కాని తినాలన్న యావ మాత్రం ఎక్కడికీ పోలేదు. డ్యూటీకి వెళ్తూ టిఫిన్ బండి దగ్గర పెనం మీద దోసె చుయ్యిమంటుంటే నా కాళ్లు ఆగిపోయేవి. నా వయసు మగవాడు రోడ్డు పక్కన నిలబడి దోసెని చూస్తూ కన్నీళ్లు పెట్టుకున్నాడంటే ఎవరు నమ్ముతారు?

ఒళ్లు తగ్గుతూ వచ్చింది. షుగర్ అదుపులోకి వచ్చింది. నిద్రలో ఊపిరి సాఫీగా ఆడుతుంటే నా భార్య చాలా ఏళ్ల తర్వాత తెల్లారేదాకా నిద్రపోయింది. ఆఫీసులో అందరూ మెచ్చుకున్నారు. మా వీధిలో మాత్రం వేరే మాట నడిచింది. నాకేదో పెద్ద జబ్బు చేసిందని, ఇంట్లోవాళ్లు దాస్తున్నారని. ఆ మాట అమ్మ చెవిన పడింది.

ఒక ఆదివారం పొద్దున నేను స్నానం చేసి, చొక్కా లేకుండా పెరట్లో బట్టలు ఆరేస్తున్నాను. చర్మం పొట్ట మీదా చేతుల కిందా సంచుల్లా వేలాడుతోంది. మెడ కింద ఎముకలు తేలాయి. అమ్మ తలుపు దగ్గరికి వచ్చి నన్ను చూసింది. చేతిలోని చేట కింద పెట్టి గడప మీద కూర్చుండిపోయింది.

"మీ అయ్యలాగున్నావు," అంది.

నేను తువ్వాలు కప్పుకుని దగ్గరికి వెళ్లాను. జబ్బేమీ లేదని, ఆరోగ్యం బాగుపడుతోందని చెప్పాను. ఆమె వింటూనే ఉంది. కాని కళ్లు నా మెడ కింది ఎముకల మీదే ఉన్నాయి.

ఆ రోజు నుంచే అనుకుంటాను, అమ్మ తిండి తగ్గించింది. ముందు కనిపెట్టింది నా భార్యే. అత్త సరిగ్గా తినడం లేదని, వండిన అన్నం వండినట్టే ఉంటోందని చెప్పింది. మేం అడిగితే ఆకలి లేదనేది, కడుపు బరువుగా ఉందనేది. ఒక మధ్యాహ్నం నేను చూస్తుండగానే నేను తిన్న గిన్నెలోనే రెండు చెంచాల అన్నం పెట్టుకుని, అది తిని చెయ్యి కడిగేసుకుంది. ఇదేమిటని నేను గట్టిగా అడిగాను.

"కొడుకు గుప్పెడు తింతంటే, కంచం నిండా ఎట్టుకుని నానెలాగ తింతాను?" అంది.

నా భార్య బతిమాలింది, కోప్పడింది, ఏడ్చింది కూడా. అమ్మ ఆమె మీద విసుక్కోలేదు. కోడలు వండినవన్నీ మెచ్చుకునేది, తినేది కాదు. డాక్టరు నోట వింటే నమ్ముతుందని అమ్మని ఆస్పత్రికి తీసుకెళ్లాను.

డాక్టరు మంచివాడు. అమ్మని కుర్చీలో కూర్చోబెట్టి, కాగితం మీద బొమ్మ గీసి చూపించాడు. పొట్ట సంచి లాంటిదని, అందులో ఎక్కువ భాగం కోసి తీసేశామని, ఇప్పుడు అరటికాయంత గొట్టమే మిగిలిందని చెప్పాడు. అందుకే కొంచెం తింటాడని, ఆ కొంచెమే అతనికి చాలని చెప్పాడు. అమ్మ ఆ బొమ్మనే చాలాసేపు చూసింది. కుట్టు వేశారనుకుందే గాని, కోసి తీసేశారని ఆమెకి అంతవరకు తెలియదు.

"కోసేసిన ముక్క ఏటి సేసినారు బాబూ?" అని అడిగింది.

డాక్టరు ఒక్క క్షణం నా వైపు చూశాడు. పరీక్షకి పంపుతామని, తర్వాత ఆస్పత్రి పద్ధతి ప్రకారం కాల్చేస్తారని మెల్లగా చెప్పాడు.

"కాల్సేసినారా," అంది అమ్మ. "ఆడి పొట్ట నాను నింపిందే బాబూ. మార్కెట్లో ఎండలో కూకుని నింపినాను. తీసేత్తన్నామని ఒక్క మాట నాకు సెప్పుంటే బాగున్ను," అంది.

ఆ మాటలో నిష్ఠూరం లేదు. డాక్టరు కళ్లద్దాలు తీసి బల్ల మీద పెట్టాడు. మీ అబ్బాయి బతకాలనే చేశామమ్మా అన్నాడు. తెలుసు బాబూ అని ఆమె దణ్ణం పెట్టింది.

తిరిగి వచ్చేటప్పుడు ఆటోలో అమ్మ నా మణికట్టు పట్టుకుంది. బొటనవేలూ నడిమివేలూ చుట్టూ తిప్పి చూసింది. రెండు వేళ్లూ కలిశాయి. ఇల్లు చేరేదాకా ఆ చెయ్యి వదల్లేదు.

తర్వాత వారం నేనే ముద్ద పెట్టమని అడిగాను. ఆమె నాకు పెట్టగలిగితే, నేను తినగలిగితే, మళ్లీ మామూలుగా తింటుందేమోనని నా ఆశ. అమ్మ ఎంత సంబరపడిందో చెప్పలేను. వంకాయ కూర వండి, అన్నం మెత్తగా పిసికి, గోళీకాయంత ముద్దలు చేసి పెట్టింది. ఆమె ముఖం చూస్తూ నేను తొందరగా తినేశాను. అయిదారు ముద్దలకే రొమ్ములో పట్టేసింది. నోటినిండా నురగ లాంటి ఉమ్మి ఊరింది. స్నానాల గదిలోకి పరుగెత్తి అంతా కక్కేశాను. తలుపు తీసేసరికి అమ్మ నీళ్ల గ్లాసుతో నిలబడి ఉంది. ఆ నీళ్లు కూడా అప్పుడే తాగడానికి లేదు. గ్లాసు అందుకుని పట్టుకున్నాను. ఆమె వంగి, తన చీర చెంగుతో నా మూతి తుడిచింది. మళ్లీ ఎప్పుడూ నాకు ముద్ద పెట్టలేదు.

కొన్నాళ్లకి అంబలి ఒకటి మా ఇద్దరికీ కుదిరింది. అమ్మ చోడిపిండి, అదే రాగిపిండి, పలచగా కాచి, చల్లార్చి, మజ్జిగ కలిపి ఇచ్చేది. అది నాకు నొప్పి లేకుండా దిగింది. పొద్దున్న నేను డ్యూటీకి వెళ్లేముందు ఇద్దరం మెట్ల మీద కూర్చుని చెరో చిన్న గ్లాసూ తాగేవాళ్లం. మార్కెట్ కబుర్లు చెప్పేది. మళ్లీ క్రేన్ ఎక్కడానికి ఆరోగ్య పరీక్ష పాసయ్యానని నేను అమ్మకి చెప్పింది కూడా ఆ మెట్ల మీదే. ఆమె సంతోషించింది. అయినా ఆ గ్లాసు తర్వాత మధ్యాహ్నం దాకా మరేమీ ముట్టేది కాదు. వయసు మీద పడిన ఒళ్లు ఆ కాస్త తిండితో ఎన్నాళ్లు నిలుస్తుంది?

వానలు మొదలయ్యాక జ్వరం వచ్చింది. ఊపిరితిత్తుల్లో నెమ్ము చేరిందన్నారు. కొన్నాళ్లు ఆస్పత్రిలో ఉంచాం. ఒంట్లో పుష్టి లేదని, మందులు పనిచేయడానికి కూడా బలం ఉండాలని అక్కడి డాక్టరమ్మ చెప్పింది. ఇంటికి తీసుకెళ్లమని అమ్మే పట్టుబట్టింది. నేను సెలవు పెట్టి పక్కనే కూర్చున్నాను.

నా భార్య తినిపించబోతే ఆమెకి పొలమారేది. నేను తినిపిస్తే దిగేది. అంతకుముందు ఏడాదంతా నా గొంతు నాకు నేర్పిన పని అదొక్కటే. చెంచా చివర తీసుకోవాలి. నోట్లో పెట్టాక తొందరపెట్టకూడదు. మింగిందో లేదో గొంతు చూసి తెలుసుకోవాలి. చాలని చెయ్యి ఎత్తితే ఇంకొకటని అడగకూడదు. అలా జావ తాగిస్తుంటే ఒక మధ్యాహ్నం అమ్మ నా చెయ్యి ఆపింది.

"నువ్వు బాగా ఎడతన్నావురా. మీ అయ్యకి నానిలాగ ఎట్టనేదు. తినకపోతే కసిరీదాన్ని. బలంతంగా నోట్లో కుక్కీదాన్ని. ఆడు కక్కితే తిట్టినాను," అంది. ఊపిరి తీసుకుని, "తిననేడని తెల్దు నాకు. తినడనుకున్నాను," అంది.

నేను చెంచా గిన్నెలో పెట్టి ఆమె తల నిమిరాను. నన్ను కూడా అలాగే అనుకున్నావా అని అడగాలనిపించింది గాని అడగలేదు. ఆమె కళ్లు మూసుకుంది. మరి రెండు చెంచాలు తాగి నిద్రపోయింది. ఆ వారంలోనే, వాన కురుస్తున్న ఒక పగటిపూట పోయింది. నా భార్యా నేనూ ఇద్దరం దగ్గరే ఉన్నాం.

పెద్దకర్మ నాడు బంధువులంతా వచ్చారు. అమ్మకి ఇష్టమైనవన్నీ వండించాం. నా విస్తట్లో అన్నీ వడ్డించి, కొడుకువి నువ్వే తినకపోతే ఎలాగని పెద్దవాళ్లు బలవంతపెట్టారు. నా భార్య నా పక్కన నిలబడి, ఆయన తినగలిగినంత తింటారని అందరికీ వినబడేలా చెప్పింది. తర్వాత ఎవరూ అడగలేదు. నేను ప్రతిదీ వేలి చివరతో రుచి చూసి లేచాను.

ఇప్పుడు క్రేన్ మీదే పని చేస్తున్నాను. మెట్లు ఆయాసం లేకుండా ఎక్కగలను. పైనుంచి చూస్తే డాల్ఫిన్ కొండా, లోపలికొచ్చే ఓడలూ, కింద చీమల్లా మనుషులూ కనబడతారు. మొన్న శీతాకాలంలో ఒక రోజు ఓడలోంచి సరుకు ఎత్తుతుండగా పొట్టలో ఏదో మెలితిప్పింది. ముందు భయపడ్డాను, నొప్పి మొదలవుతుందేమోనని. కాసేపటికి అర్థమైంది. అది ఆకలి. ఆపరేషన్ తర్వాత ఎప్పుడో ఒకప్పుడు కొంత తిరిగి వస్తుందని డాక్టరు చెప్పాడు గాని, నేను మరిచిపోయాను. మీటల మీద చేతులుంచి అలాగే కూర్చున్నాను. ఈ మాట చెప్పగానే లేచి పొయ్యి వెలిగించే మనిషి లేదు కదా అనిపించింది. కింద నుంచి వాకీటాకీలో, ఏటి బావా ఆగిపోనావని అడిగారు. ఏమీ లేదని చెప్పి మళ్లీ పని మొదలుపెట్టాను.

ఆ సాయంత్రం ఆకలేసిన సంగతి నా భార్యకి చెప్పాను. ఆమె నా ముఖంలోకి చూసి, కళ్లు తుడుచుకుని, బియ్యం కడగడానికి లేచింది. ఇద్దరం కలిసి కూర్చున్నాం. నువ్వు కడుపునిండా తినేంత పెట్టుకుంటేనే నేను తింటానన్నాను. పెట్టుకుంది. కాని నా కంటే ముందు అయిపోకూడదని ఒక్కో ముద్దా నెమ్మదిగా తింటూ కూర్చుంది. ఆమె తినడం అయ్యేసరికి చారు పూర్తిగా చల్లారిపోయింది.